విదేశీ ఆంగ్లవిద్య, సాంస్కృతిక పర్యటన: మూడు తెలుగు రచనల వెలుగులో ఓరుగల్లు పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలను ఆంగ్లం నేర్పే ఉద్దేశంతో విదేశాలకు తీసుకువెళ్లి, అక్కడి ప్రదర్శనశాలలు, కోటలు, ప్రార్థనాలయాలు చూపించే పర్యటనలు నేడు విద్యలో భాగంగా చెలామణి అవుతున్నాయి. ఇటువంటి పర్యటనకు ప్రణాళిక ఎలా ఉండాలన్న ప్రశ్నను బోధనశాస్త్రానికి మాత్రమే వదిలివేయక, తెలుగు సాహిత్యం నుంచి కూడా పరిశీలించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘కన్యాశుల్కం’, ‘బారిస్టర్ పార్వతీశం’, ‘కాశీయాత్రచరిత్ర’ అనే మూడు రచనలలో ప్రయాణానికీ, ఆంగ్లానికీ, మాతృభాషకూ మధ్య ఉన్న సంబంధాన్ని విశ్లేషించి, ఆ ఫలితాలను ఓరుగల్లు ప్రాంతపు పాఠశాలల సందర్భానికి అన్వయించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఆంగ్లవిద్య, సాంస్కృతిక పర్యటన, యాత్రాసాహిత్యం, మాతృభాష, ఓరుగల్లు, అమరావతి శిల్పాలు.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్లమాధ్యమం 2022-23 విద్యాసంవత్సరంలో ప్రారంభమైంది. అదే 2022లో వరంగల్ నగరానికి యునెస్కో వారి ప్రపంచ అభ్యసన నగరాల కూటమిలో చోటు లభించింది. అంతకు ముందటి ఏడాది, 2021 జులైలో, పాలంపేటలోని రామప్ప దేవాలయం ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. ఈ మూడు పరిణామాలు ఒకే ప్రాంతంలో, దాదాపు ఒకే కాలంలో జరిగాయి. అయినప్పటికీ ఆంగ్లం నేర్చుకుంటున్న పన్నెండేళ్ల విద్యార్థికీ, ఆ విద్యార్థి నివసించే నగరానికీ, ఆ నగరపు వారసత్వానికీ మధ్య ఉండవలసిన సంబంధంపై విమర్శనాత్మకమైన చర్చ తగినంతగా జరగలేదు.

మరొకవైపు, స్తోమత గల కుటుంబాలు పిల్లలను సెలవుల్లో విదేశీ ఆంగ్ల శిబిరాలకు పంపుతున్నాయి. ఉద్యోగరీత్యా విదేశాలకు తరలిపోయిన తెలుగు కుటుంబాల పిల్లలు మధ్యస్థ తరగతుల్లోనే కొత్త దేశపు బడిలో చేరి, ఆంగ్లాన్ని మళ్లీ మొదటి నుంచి వినవలసి వస్తున్నది. ఉదయం భాషాతరగతి, మధ్యాహ్నం సాంస్కృతిక పర్యటన అన్నది ఇటువంటి శిబిరాల సాధారణమైన అమరిక. ఉదయం నేర్చిన భాష మధ్యాహ్నపు పర్యటనలో ప్రాణం పోసుకుంటుందన్నది ఈ అమరిక వెనుక ఉన్న నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు సమంజసమైనదన్నదే ఇక్కడి ప్రశ్న.

జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు గల దశను ‘మధ్యస్థ దశ’గా విభజించింది. వీలైన చోట కనీసం ఐదో తరగతి వరకు, సాధ్యమైతే ఎనిమిదో తరగతి వరకు మాతృభాషలో బోధన ఉండాలని సూచించింది. దేశంలోని నూరు పర్యాటక స్థలాలను గుర్తించి విద్యార్థులను అక్కడికి పంపాలన్న ప్రతిపాదన కూడా అందులో ఉంది. అంటే పర్యటన, మాతృభాష అనే రెండు అంశాలూ విధానపత్రంలో ఉన్నాయి. అయితే ఆ రెండింటినీ కలిపే ఆలోచన పాఠశాలల ఆచరణలో అరుదు. ఆ కలయికకు కావలసిన సూచనలు తెలుగు సాహిత్యంలో చాలాకాలంగా ఉన్నాయి.

2. ప్రదర్శనగా మారిన చదువు: ‘కన్యాశుల్కం’

1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమగ్రంగా పునర్లిఖితమైన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని సంఘసంస్కరణ కోణం నుంచి విమర్శకులు విస్తృతంగా చర్చించారు. ఇందులో ఆంగ్లం నేర్చుకుంటున్న ఒక బాలుని ప్రయాణం కూడా ఉందన్న విషయం ప్రస్తుత చర్చకు ముఖ్యం. వెంకటేశం విజయనగరంలో ఆంగ్లం చదువుతున్న విద్యార్థి. పరీక్ష తప్పాడు. సెలవుల్లో చదువు చెప్పే మిషతో గిరీశం అతని వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి బయలుదేరుతాడు. గురువు, శిష్యుడు, సెలవులు, స్థలం మార్పు అనే నాలుగు అంగాలూ ఈ ప్రయాణానికి ఉన్నాయి. లేనిది విద్యాలక్ష్యం ఒక్కటే. ఊరు విడిచి అప్పులవాళ్ల నుంచి తప్పుకోవడం గిరీశం అవసరం. తండ్రి కోపం నుంచి తప్పుకోవడం వెంకటేశం అవసరం.

అగ్రహారంలో కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడిన సన్నివేశం ఈ చర్చకు కీలకమైనది. గురుశిష్యులు పిల్లల పాటల్లోని చరణాలనూ, వాచకాల్లోని వాక్యాలనూ, రేఖాగణితపు నిర్వచనాలనూ సంభాషణ వలె ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది. ఇక్కడి హాస్యం వెంకమ్మ అమాయకత్వం మీద మాత్రమే ఆధారపడినది కాదు. ఆమెకు అర్థం కాకపోవడమే ఆ ప్రదర్శన విజయానికి కావలసిన షరతు. వినేవారికి అర్థమయ్యే భాషలో చెప్పవలసినదేదో వెంకటేశం వద్ద ఉండి ఉంటే ఆ సన్నివేశమే పుట్టేది కాదు. నూట పాతికేళ్ల తరువాత కూడా పాఠశాల వార్షికోత్సవాలలో, పర్యటన ముగింపు సభలలో పిల్లలు కంఠస్థం చేసిన ఆంగ్ల ప్రసంగాలను తల్లిదండ్రుల ముందు అప్పజెప్పే దృశ్యం ఈ సన్నివేశానికి కొనసాగింపే. ఖర్చు పెట్టిన అగ్నిహోత్రావధానికీ, మురిసిన వెంకమ్మకూ ఏదో ఒకటి చూపించక తప్పదన్న ఒత్తిడే ఆ ప్రదర్శనకు మూలం.

ఇదే నాటకంలో గమనించవలసిన మరొక అంశం స్త్రీల ప్రయాణం. వెంకటేశానికి ఊరు మారడం చదువు పేరుతో సాధ్యమైంది. సుబ్బికి ఇల్లు దాటే దారి పెళ్లి ఒక్కటే. బాల్యవితంతువైన బుచ్చమ్మ గిరీశం మాటలు నమ్మి ఇల్లు విడిచింది. సౌజన్యారావు పంతులు పూనుకొనడంతో పూనాలోని వితంతు శరణాలయానికి, అంటే చదువు దొరికే చోటికి, ఆమె దారి మళ్లింది. చదువు కోసమని మొదలైన ప్రయాణం ఎవరికీ చదువునివ్వలేదు. చదువు ఊసే లేకుండా మొదలైన బుచ్చమ్మ ప్రయాణం చదువు వైపు సాగింది. పర్యటనకు పేరు పెట్టినంత మాత్రాన అది విద్య కాజాలదన్న సత్యానికి ఇంతకు మించిన నిరూపణ అవసరం లేదు.

3. సన్నద్ధత లేని ప్రయాణం: ‘బారిస్టర్ పార్వతీశం’

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ నవల తొలిభాగం 1924లో వెలువడింది. రచయిత స్వయంగా ఎడింబరోలో చదువుకొని వచ్చినవాడు కావడం వల్ల విదేశీ విద్యార్థి అనుభవానికి ఈ నవలలో విశ్వసనీయత చేకూరింది. మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశం మధ్యస్థ తరగతి బాలుడు కాడు, యువకుడు. అయినా పరాయి సంస్కృతి ముందు అతని స్థితి పన్నెండేళ్ల పిల్లవాని స్థితికి భిన్నమైనది కాదు. తనకు తెలియకుండానే స్త్రీలు ధరించే టోపీ కొని పెట్టుకోవడం, ఓడలో భోజనపు బల్ల వద్ద తికమకపడటం, లిఫ్టును తనకిచ్చిన గదిగా భావించడం వంటి సన్నివేశాలు తెలుగు పాఠకలోకానికి సుపరిచితాలు.

ఈ సన్నివేశాలను పల్లెటూరి అమాయకత్వంపై హాస్యంగా మాత్రమే చదివితే నవలకు న్యాయం జరగదు. పార్వతీశం పొరపాట్లలో అధికభాగం భాషకు సంబంధించినవి కావు. టోపీ అన్న మాట అతనికి తెలుసు; ఏ టోపీ ఎవరిదన్నది తెలియదు. గది అన్న మాట తెలుసు. కదిలే గది ఉంటుందని తెలియదు. పదజాలం ఉండి, ఆ పదం వెనుక ఉన్న ఆచారం తెలియకపోవడం ఇక్కడి లోపం. విదేశీ పర్యటనలకు ముందు పిల్లలకు పదాల పట్టికలు ఇచ్చి సరిపెట్టే పద్ధతి ఈ లోపాన్ని పూరించలేదు. వరుసలో ఎలా నిలబడాలి, ప్రదర్శనశాలలో దేనిని తాకరాదు, అర్థం కానప్పుడు ఎవరిని ఏ మాటతో అడగాలి అన్న ఆచార పరిజ్ఞానాన్ని పిల్లలకు ముందుగా, వారికి పూర్తిగా అర్థమయ్యే భాషలో అందించాలి. ఆ భాష తెలుగే.

ఈ నవలలోని కథన పద్ధతి మరొక సూచన చేస్తుంది. ఇది ఉత్తమ పురుష కథనం. తన పొరపాట్లను తానే చెప్పుకొని నవ్వించగలిగే స్థితికి పార్వతీశం ఎదిగిన తరువాతే ఈ కథ పుట్టింది. సిగ్గు కథగా మారడమే ఇక్కడ అభ్యసనం పూర్తయిందనడానికి గుర్తు. భాషాభ్యాసంలో పిల్లల నోరు నొక్కేది వ్యాకరణం కంటే ఎక్కువగా సిగ్గు. నలుగురిలో తప్పు మాట్లాడిన పిల్లవానికి ఆ తప్పును కథగా చెప్పుకొనే అవకాశం అదే రోజు సాయంత్రం, తోటివారి మధ్య, మాతృభాషలో దొరికితే మరునాడు మళ్లీ నోరు తెరుస్తాడు. ఆ అవకాశం లేనప్పుడు మిగిలిన పర్యటన అంతా ఉపాధ్యాయుని వెనుక దాగి నడుస్తాడు. పర్యటన ప్రణాళికలలో చూడవలసిన స్థలాలకు గంటలు కేటాయిస్తారు. సాయంత్రపు ముచ్చట్లకు సమయం కేటాయించడం అరుదు. ఈ నవల సాక్ష్యాన్ని బట్టి చూస్తే అసలు పాఠం జరిగేది అక్కడే.

4. చూచి, అడిగి, రాసుకోవడం: ‘కాశీయాత్రచరిత్ర’

ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఆంగ్లం ఆయన వృత్తిభాష. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్న ఆయన, ఆ యాత్రా విశేషాలను తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు తెలుగులో రాసి పంపారు. అవి 1838లో గ్రంథంగా వెలువడ్డాయి. ఆంగ్లం బాగా తెలిసిన వ్యక్తి తాను చూచిన కొత్త ప్రాంతాలను తెలుగులో నమోదు చేయడం ఇక్కడ ప్రధానంగా గుర్తించవలసిన విషయం.

వీరాస్వామి దృష్టి దేవాలయాలకు పరిమితం కాలేదు. దారి ఎట్లా ఉంది, నీటివసతి ఏమిటి, బసకు చోటు దొరుకుతుందా, అంగడిలో ఏ వస్తువులు లభిస్తాయి, జనం ఏ భాష మాట్లాడతారు, పరిపాలన ఎవరిది వంటి వివరాలను మజిలీ మజిలీకి ఆయన రాసుకున్నారు. ఎదురుగా లేని ఒక మిత్రునికి తెలియజేయాలన్న అవసరం ఆ రచనకు ప్రాణం. వినేవారికి తెలియనిది చెప్పేవారికి తెలిసి ఉండటమే నిజమైన భాషావ్యవహారానికి పునాది. వెంకటేశం వద్ద ఇది లేదు. వీరాస్వామి వద్ద ఇది పుష్కలంగా ఉంది. ఇరువురికీ గల తేడా ఆంగ్లజ్ఞాన పరిమాణంలో కంటే ఈ అంశంలోనే ఎక్కువగా ఉన్నది.

పర్యటనకు వెళ్లిన విద్యార్థికి ఇచ్చే ‘ప్రాజెక్టు’ సాధారణంగా ఉపాధ్యాయునికి ముందే తెలిసిన సమాధానాలను తిరిగి రాయించేదిగా ఉంటుంది. దానికి బదులు, ఇంటి వద్ద ఉన్న అమ్మమ్మకు తెలుగులో ఒక ఉత్తరం, అక్కడ పరిచయమైన తోటి విద్యార్థికి ఆంగ్లంలో ఒక ఉత్తరం రాయిస్తే, ఒకే దృశ్యం ఇద్దరు భిన్నమైన చదువరుల కోసం రెండు విధాలుగా రూపొందుతుంది. అమ్మమ్మకు ఏది వివరించాలి, ఆ మిత్రునికి ఏది వివరించాలి అని ఎంచుకోవడంలోనే రెండు సంస్కృతుల మధ్య తేడా పిల్లవానికి బోధపడుతుంది.

5. దగ్గరి నుంచి దూరానికి: ఓరుగల్లు సందర్భం

పై మూడు రచనల నుంచి మూడు సూత్రాలు తేలుతాయి. పర్యటన ప్రదర్శన కాకూడదు. ఆచార పరిజ్ఞానం ముందుగా మాతృభాషలో అందాలి. విద్యార్థి వద్ద ఎదుటివారికి తెలియని విషయం ఏదో ఒకటి ఉండాలి. మూడో సూత్రం ప్రకారం చూస్తే, ఓరుగల్లు పిల్లలకు ఆంగ్లంలో సంభాషించడానికి మొదటి సరైన స్థలం లండన్ కాదు, ఓరుగల్లు కోట.

కోటలోని కీర్తితోరణాల ముందు నిలిచిన విద్యార్థికి తోరణమన్న మాట పండుగనాటి మామిడాకుల తోరణంగా ఇంటివద్దే పరిచయం. ఇతర ప్రాంతం నుంచి వచ్చిన సందర్శకునికి దాన్ని ద్వారం అని ఆంగ్లంలో చెప్పగానే ఆ అర్థం సగం జారిపోతుంది. జారిపోయిన సగాన్ని పూరించే ప్రయత్నంలో ఆ విద్యార్థి వాడే నాలుగు తడబడే వాక్యాలు, కంఠస్థం చేసిన నాలుగు పేజీల కంటే విలువైనవి. 1163లో రుద్రదేవుడు నిర్మింపజేసిన హనుమకొండ వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. శివునికి, విష్ణువుకు, సూర్యునికి ఒకే చోట ఆలయాలున్నాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలు, ఇసుకపెట్టె పునాది విజ్ఞానశాస్త్ర పాఠానికి తగిన అంశాలు. 1323లో కాకతీయ రాజ్యం పతనమైన తరువాత ఈ నగరం సుల్తాన్‌పూర్ అని పేరు మార్చుకొన్న చరిత్ర, కోటలోని ఖుష్‌మహల్ కట్టడం, ఒక స్థలానికి ఒకే కథ ఉండదన్న విషయాన్ని తెలియజేస్తాయి. గణపతిదేవుడు విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ 1244 ప్రాంతంలో వేయించిన మోటుపల్లి అభయశాసనం, ఈ నేల ప్రజలు పరదేశీయులతో వ్యవహరించడం కొత్త కాదని నిరూపిస్తుంది.

దగ్గరి నుంచి దూరానికి అన్న క్రమానికి తెలంగాణలోనే ఒక ప్రసిద్ధ నిదర్శనం ఉంది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఆమె శిక్షణ భువనగిరి గుట్టపై మొదలై, డార్జిలింగ్, లడఖ్ మీదుగా ఎవరెస్టుకు సాగింది. అది పర్వతారోహణ, భాషాభ్యాసం కాదన్నది నిజమే. అయినా ఎనిమిదో తరగతి వయసులో ఉన్న ఒక ప్రభుత్వ పాఠశాల విద్యార్థిని ఎంత దూరమైనా వెళ్లగలదనీ, ఆ దూరానికి మొదటి మెట్టు ఇంటి పక్క గుట్టేననీ అది స్పష్టం చేసింది. భాషాపర్యటనలో ఆ మొదటి మెట్టును దాటవేసి నేరుగా విమానం ఎక్కించడం నేటి విధానంలోని ప్రధాన లోపం.

6. విదేశీ పర్యటనకు అన్వయం: అమరావతి శిల్పాల ఉదాహరణ

ఈ వాదన విదేశీ పర్యటనను నిరాకరించదు. వినేవారికి తెలుగు రాని చోట ఆంగ్లం మాట్లాడక తప్పని పరిస్థితి ఏర్పడటం విదేశానికి గల నిజమైన అనుకూలత. ఏ తరగతి గదీ దానికి సాటి రాదు. అయితే ఆ అనుకూలతను వినియోగించుకోవడానికి విద్యార్థి చేతిలో చెప్పదగిన విషయం ఉండాలి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఇందుకు మంచి ఉదాహరణ. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన అమరావతి స్తూప శిల్పాలలో గణనీయమైన భాగం మద్రాసు మీదుగా లండన్ చేరింది; 1880 నుంచి అవి ఆ మ్యూజియంలో ఉన్నాయి.

ఒక తెలుగు విద్యార్థి ఆ మ్యూజియానికి వెళితే ఈజిప్టు, గ్రీకు విభాగాలలో మార్గదర్శకుడు చెప్పేది వినవలసిన శ్రోత మాత్రమే. అమరావతి విభాగంలో మాత్రం ఆ విద్యార్థి శ్రోత స్థానం నుంచి వక్త స్థానానికి మారవచ్చు. ఆ ఊరు ఎక్కడ ఉంది, ఏ నది ఒడ్డున ఉంది, ఆ పేరు నేడు ఎందుకు వినబడుతోంది అన్నది చెప్పగలిగేది ఆ బృందంలో ఆ పిల్లలే. ఆ తరువాత సహజంగా పుట్టే ప్రశ్న ఒకటుంది: కృష్ణాతీరపు శిల్పాలు థేమ్స్ తీరానికి ఎలా వచ్చాయి? ఈ ప్రశ్నను పన్నెండేళ్ల పిల్లవాడు పూర్తిగా పరిష్కరించలేకపోవచ్చు. అయితే దానిని ఆంగ్లంలో అడగగలగడం వాక్యనిర్మాణ పాఠం కంటే పెద్ద విషయం.

దీనిని ఆచరణలో పెట్టాలంటే ప్రణాళికలో కొన్ని మార్పులు అవసరం. రోజుకు నాలుగైదు స్థలాలకు బదులు ఒకే స్థలం, అందులోనూ ఒకటి రెండు వస్తువులు ఎంచుకోవాలి. బయలుదేరడానికి ముందు ఆ వస్తువు నేపథ్యాన్ని తెలుగులో చర్చించాలి. అక్కడ ప్రతి విద్యార్థీ ఒక అపరిచితుని, అంటే కాపలాదారునో, తోటి సందర్శకునో, ఉపాధ్యాయుని సమక్షంలో, నిజంగా తెలుసుకోదలచిన ఒక్క ప్రశ్న అడిగేటట్లు చూడాలి. ఎక్కువగా మాట్లాడే పిల్లలే అందరి తరఫునా అడిగివేయకుండా చిన్న జట్లుగా విడదీయాలి. సాయంత్రం తడబాట్లను కథలుగా చెప్పుకొనే సమయం విధిగా ఉండాలి. తిరిగి వచ్చిన తరువాత జరిపే సభలో ఆంగ్ల ప్రసంగానికి బదులు, చూచినదాన్ని ఇంట్లోవారికి వారి భాషలో వివరించడం ఉండాలి. వెంకమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగిననాడే వెంకటేశం చదువు చదువవుతుంది.

7. పరిమితులు

పరిశీలనకు తీసుకున్న మూడు రచనలలోని యాత్రికులు ముగ్గురూ పురుషులు, సామాజికంగా పై స్థానంలో ఉన్నవారు. వీరాస్వామి యాత్రను సాధ్యం చేసినవారిలో ఆయనను మోసిన బోయీలు ఉన్నారు. వారి చూపు నుంచి ఆ యాత్ర రాయబడలేదు. నేటి పర్యటనలలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. రుసుము కట్టలేని పిల్లలు, రాత్రి బసకు అనుమతి దొరకని ఆడపిల్లలు బడిలో మిగిలిపోతారు. వెళ్లివచ్చినవారి ఆంగ్లం, మిగిలిపోయినవారి మౌనం ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చుంటాయి. దగ్గరి పర్యటనను ముందుంచాలన్న ప్రతిపాదనకు బోధనాపరమైన కారణంతో పాటు ఈ న్యాయపరమైన కారణం కూడా ఉంది. ఓరుగల్లు కోటకు వెళ్లిరావడానికి ఆ ప్రాంతపు పిల్లలకు ఒక్క పగలు చాలు. ఆ పగటిలో తరగతి మొత్తం పాల్గొనవచ్చు.

దగ్గరి స్థలమైనంత మాత్రాన మేలు జరుగుతుందనీ అనుకోరాదు. తోరణం ముందు వరుసగా నిలబెట్టి ఛాయాచిత్రం తీసి, తినుబండారాలు పంచి వెనుదిరిగే విహారయాత్ర ఓరుగల్లులోనూ జరుగుతున్నది. స్థలం కంటే దాని ముందు విద్యార్థికి లభించే స్థానమే ముఖ్యం.

8. ముగింపు

‘కన్యాశుల్కం’లోని ప్రయాణం ఆంగ్లాన్ని ప్రదర్శన వస్తువుగా మార్చింది. ‘బారిస్టర్ పార్వతీశం’లోని ప్రయాణం సన్నద్ధత లేని యాత్రికుని తికమకనూ, ఆ తికమకను కథగా మార్చుకొనే శక్తినీ చూపింది. ‘కాశీయాత్రచరిత్ర’ చూచినదానిని ఎదుటివారి కోసం తన భాషలో నమోదు చేసే పద్ధతిని నిలబెట్టింది. ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడు, విదేశంలో ఆంగ్లం నేర్చుకొనే మధ్యస్థ దశ విద్యార్థికి సాంస్కృతిక పర్యటన ఫలవంతం కావడానికి కావలసిన తొలి వనరు తన ఊరు, తన భాష అని తేలుతుంది. ఆంగ్లమాధ్యమంలోకి మారిన ఓరుగల్లు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఈ వనరు ఇప్పటికే అందుబాటులో ఉంది. దానిని పాఠ్యప్రణాళికలో భాగంగా గుర్తించడం పాఠశాలల బాధ్యత. అందుకు కావలసిన స్థానిక శాసన, సాహిత్య సామగ్రిని పిల్లల స్థాయికి తగినట్లు తెలుగులో, సరళమైన ఆంగ్లంలో సిద్ధం చేయడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగిన పని.